బయటికి పోయేకొద్దీ తగ్గిన బరువు: ఒక గెలాక్సీ సమూహం లెక్కలో తరుగు గొడవ

నేపథ్యం

నేను నెల్లూరులో పీజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఇది నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసిన ఒక అమ్మాయి కేసు. తను ఇప్పుడు వేరే చోట పరిశోధన చేస్తోంది. రాసుకోమని తనే చెప్పింది, పేరు మాత్రం వద్దంది. అందుకని ఏడాది, కాలేజీ, ఊరు వదిలేస్తున్నాను. ఎక్స్‌రేల సాయంతో మేం బరువు లెక్క కట్టిన గెలాక్సీ సమూహం పేరు కూడా చెప్పను. మా వైపు నుంచి దాని మీద పనిచేసింది ఒక్కళ్లే కాబట్టి దాని పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే. అంకెల్ని కాస్త గుండ్రం చేశాను.

మా దగ్గర టెలిస్కోప్ లేదు. ఉన్నా ఈ పనికి అక్కరకు రాదు. ఎక్స్‌రేలని మన గాలి కిందికి రానివ్వదు, పైకి పోయి చూడాల్సిందే. 1999 జులైలో పైకి వెళ్లిన నాసా ఎక్స్‌రే టెలిస్కోప్ చంద్ర తీసిన డేటా మాత్రం, గడువు దాటాక ఎవరైనా దించుకోవచ్చు. ఒక ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు, రాత్రిళ్లు కాస్త నిలకడగా ఉండే ఇంటర్నెట్ చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి లేచినప్పుడు ఆ దీవి ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. ఎక్స్‌రే టెలిస్కోపు మన పెరట్లోంచి ఎగిరిపోతే, అలాంటి డేటా ఎట్లా ఉంటుందో మన పిల్లలు ఒక్కసారైనా చూడకపోవడం నాకు నచ్చేది కాదు.

గెలాక్సీ సమూహం అనగానే ఫొటోలో కనబడే వందల గెలాక్సీలే గుర్తొస్తాయి. బరువు లెక్కన అవి చిల్లర. వాటి మధ్య ఖాళీగా కనబడే చోటంతా కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది, అది గెలాక్సీల కంటే కొన్ని రెట్లు బరువు. ఆ రెండూ కలిపినా మొత్తంలో ఆరో వంతు దాటవు. మిగిలిందంతా కంటికి, యంత్రానికి కనబడని పదార్థం. 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే సమూహంలో గెలాక్సీల వేగాలు చూసి, ఇంత వేగంతో తిరిగేవి చెదిరిపోకుండా ఉండాలంటే కనబడే బరువు చాలదని లెక్క తేల్చాడు. వాయువు సంగతి 1970 డిసెంబర్‌లో ఎగిరిన ఉహురు అనే ఎక్స్‌రే ఉపగ్రహం తర్వాతే బయటపడింది.

ఆ వాయువే మనకి తక్కెడ. గురుత్వం దాన్ని లోపలికి లాగుతుంది, పీడనం బయటికి నెడుతుంది. రెండూ సరితూగి నిలకడగా ఉన్నాయనుకుంటే, ఒక దూరం లోపల ఉన్న మొత్తం బరువు మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ దూరం, అక్కడి ఉష్ణోగ్రత, ఆ రెండిటినీ గుణించే ఒక వాలు. ఆ వాలులో రెండు ముక్కలుంటాయి. బయటికి పోయేకొద్దీ సాంద్రత ఎంత నిటారుగా పడిపోతోందనేది ఒకటి, ఉష్ణోగ్రత ఎంత నిటారుగా పడిపోతోందనేది రెండోది. ఉష్ణోగ్రత పడిపోకుండా పెరిగితే రెండో ముక్క మొదటిదాన్ని తినేస్తుంది, బరువు తక్కువ తేలుతుంది. ఈ కేసు గొడవంతా ఆ రెండో ముక్కలోనే ఉంది.

వచ్చిన చిక్కు

మా సమూహం రెడ్‌షిఫ్ట్ (ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) సుమారు 0.1. చంద్ర దాన్ని పదకొండు గంటలు చూసింది. మధ్యలో కణాల తాకిడి ఎక్కువైన భాగాలు కోసేస్తే తొమ్మిదిన్నర గంటలు మిగిలింది. ఈ డేటా నడిపే సాఫ్ట్‌వేర్ CIAO పేరు పలికితే మన చెవికి అచ్చంగా ‘చావు’ అని వినబడుతుంది. మొదటి నెల రోజులూ ఆ పేరు సార్థకమేననిపించింది. పాయింట్ సోర్సులు, అంటే వాయువువి కాని చుక్కల్లాంటి వెలుగులు తీసేసి, మధ్య నుంచి బయటికి ఎనిమిది వలయాలు గీసి, ఒక్కో వలయం స్పెక్ట్రమ్‌కి (ఏ శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఎన్ని పడ్డాయో చూపే గ్రాఫ్) వేడి వాయువు మోడల్ అమర్చి, ఉష్ణోగ్రత చదవడం వరకు అమ్మాయి సొంతంగానే చేసింది.

ఉష్ణోగ్రతల్ని మేం కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్పుకుంటాం, పొట్టిగా కేఈవీ. ఒక కేఈవీ అంటే 1.16 కోట్ల డిగ్రీలు. మధ్యలో 5.2 వచ్చింది. మధ్య నుంచి 480 కిలోపార్సెక్‌ల (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దగ్గర 6.6, 600 దగ్గర 7.0, చిట్టచివరి వలయం 750 దగ్గర 10.5. ఆ 750 ఎంత దూరమంటే, మనకీ పక్క గెలాక్సీ ఆండ్రోమెడాకీ మధ్య దూరమంత.

ఒక మధ్యాహ్నం గ్రాఫ్ పట్టుకుని వచ్చింది.

“ఏంది సార్ ఇది? బయటికి పోయేకొద్దీ బరువు తగ్గతా ఉండాది.”

చూశాను. 600 కిలోపార్సెక్‌ల లోపల 250 లక్షల కోట్ల సూర్యుల బరువు. 750 లోపల 30 లక్షల కోట్లు. ఒక బస్తాలో సగం దాకా తూకం వేస్తే యాభై కిలోలు, బస్తా మొత్తం తూకం వేస్తే ఆరు కిలోలు అన్నట్టుంది. లోపలి బరువు అంటే కూడుకుంటూ పోయే లెక్క, పెరగకపోతే నిలబడాలి గాని తగ్గకూడదు. పైగా వాయువు ఒక్కటే, అదే 750 లోపల, 40 లక్షల కోట్ల సూర్యులంత తేలింది. మొత్తం 30, అందులో ఒక భాగం 40.

ఇక్కడ వాయువు లెక్కని ఎందుకు నమ్మానో చెప్పాలి. మెరుపు సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. ఎక్స్‌రేల శక్తిని కూడా కేఈవీల్లోనే చెబుతాం; ఒకటి రెండు కేఈవీల శక్తి ఉన్న ఎక్స్‌రేలలో చూస్తే, ఇంత వేడి వాయువు మెరుపుకి ఉష్ణోగ్రత పెద్దగా పట్టదు. అంటే మెరుపులో పది శాతం తప్పు చేసినా సాంద్రతలో ఐదే. సమతుల్యం ఉందా లేదా అన్న ప్రశ్నతో దానికి పనే లేదు. మధ్యలో సాంద్రత లీటరుకి తొమ్మిది ఎలక్ట్రాన్లు వచ్చింది, ఇలాంటి సమూహాలకి అది మామూలే. అందుకే తప్పు 40లో కాదు, 30లో వెతకాలనుకున్నాం.

చేసి చూసినవి

ముందు యూనిట్లు. సగం ప్రాజెక్టులు అక్కడే పోతాయి. ఆర్క్‌సెకన్లని కిలోపార్సెక్‌లుగా మార్చిన చోట, గ్రాముల్ని సూర్యులుగా మార్చిన చోట చేత్తో లెక్క వేయించాను. అన్నీ సరిపోయాయి. ఒక పాత పేపర్లో ఇదే సమూహం బరువు మేం అనుకున్నదానికంటే బాగా ఎక్కువుంది. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం వాళ్లు 50 తీసుకున్నారు, మాది 70. అది మారిస్తే దూరాలూ, ఈ పద్ధతిలో బరువులూ 1.4 రెట్లు తగ్గుతాయి. పైగా 2009లో చంద్ర కాలిబ్రేషన్ని, అంటే దాని కొలతల్ని సరిచూసే లెక్కని, సవరించాక వేడి సమూహాల ఉష్ణోగ్రతలు కిందికి దిగాయి, ఆ పేపరు అంతకు ముందుది. పాత అంకెలతో పోల్చే ముందు ఈ రెండూ చూడమని ప్రతి ఏడూ చెబుతాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు మర్చిపోతారు. అయితే ఇవేవీ కిందికి దిగిపోయిన వంపుని వివరించవు.

రెండోది అమ్మాయి ఆలోచన. ఉష్ణోగ్రత చుక్కల మధ్య తేడా తీసి వాలు కడుతున్నాం, చుక్కలు అటూ ఇటూ ఊగితే వాలు పిచ్చిగా ఊగుతుంది, కాబట్టి చుక్కల మీదుగా నున్నని వంపు గీసి దాని వాలు తీసుకుందామంది. మంచి ఆలోచనే, చాలామంది చేసేదే. చేసింది. రెండో డిగ్రీ వంపు వేస్తే బరువు చక్కగా పెరిగింది. మూడో డిగ్రీ వేస్తే 750 దగ్గర ఇంకో విలువ. నాలుగో డిగ్రీ వేస్తే మళ్లీ కిందికి దిగింది. మూడు గ్రాఫులూ బల్ల మీద పరిచి, “ఇందులో నీ సమూహం బరువు ఏదమ్మా?” అన్నాను. కాసేపు చూసి, “నేను ఏ డిగ్రీ ఎంచుకుంటే అది సార్” అంది. అంతటితో ఆ దారి మూసేశాం. వంపు నున్నగా చేయడం తప్పని కాదు. చుక్కల్లో ఊగిసలాట ఉంటే అది పనికొస్తుంది. మా చుక్కలు ఊగడం లేదు, వరసగా పైకి పోతున్నాయి.

అసలు ఇది ఊగిసలాటే కదా అని సరిపెట్టుకునే వీలు కూడా ఉంది. చివరి వలయం ఎర్రర్ బార్, అంటే కొలతలో తప్పు ఉండగల హద్దు, కిందికి రెండు కేఈవీలు. 10.5 బదులు 8.5 అనుకుంటే బరువు 250 దగ్గరే నిలబడుతుంది, తగ్గదు. ఎర్రర్ బార్ లోపలే ఉంది, పోనీలే అనొచ్చు. అననివ్వనిది పక్క వలయాలు. ఇలాంటి సమూహాల్లో మధ్య చల్లగా ఉన్నా, కొంత దూరం దాటాక ఉష్ణోగ్రత మెల్లగా దిగుతుంది. మాకు ఆరు, ఏడు, ఎనిమిది మూడు వలయాలూ ఒకే వైపు తప్పుతున్నాయి, బయటికి పోయేకొద్దీ ఎక్కువ తప్పుతున్నాయి. యాదృచ్ఛికమైతే ఒకటి పైకి, ఒకటి కిందికి పోవాలి.

చివరి వలయం తీసేద్దామన్నది మూడో ప్రతిపాదన. ఇది నాదే, ఒప్పుకుంటాను. గడువు దగ్గర పడుతోంది. తీసేస్తే గ్రాఫ్ బాగుంది. కానీ రిపోర్టులో ‘ఎందుకు తీశాం’ అన్న వాక్యం రాయబోతే, ‘నచ్చలేదు కాబట్టి’ తప్ప ఇంకో కారణం దొరకలేదు. మళ్లీ పెట్టేశాం.

తరుగు

వలయం మెరుపు తగ్గేకొద్దీ తప్పు పెరుగుతోందంటే, సమూహం వెలుగు కాని వెలుగేదో లెక్కలో కలిసిందన్నమాట. ఎక్స్‌రే కెమెరాలో పడే ప్రతి చుక్కా ఆకాశం నుంచి రాదు. కాస్మిక్ కిరణాలు కెమెరాని నేరుగా గుద్దినా ఎక్స్‌రే పడినట్టే నమోదవుతుంది. దాన్ని తీసేయడానికి, ప్రకాశవంతమైన సమూహాలేవీ లేని ఆకాశపు ముక్కల్ని చాలాసేపు చూసి కలిపిన ‘ఖాళీ ఆకాశం’ ఫైళ్లు ఇస్తారు. వాటిని మన గమనికకి తగ్గట్టు కుదించి, మన స్పెక్ట్రమ్‌లోంచి తీసేయాలి.

బోర్డు మీద ఇది గీస్తుంటే అమ్మాయి ఆపింది. వాళ్లది పెన్నా ఆయకట్టు కింద వరి ఊరు.

“సార్, మా నాయన పుట్టికి 850 కిలోలు తూకం వేస్తే, తేమ ఉండాదని వ్యాపారి పైన ఇంకొంత తరుగు తీస్తాడు. ఆ తరుగు పోయినేటి తేమ చూసి ఈ ఏటి వడ్లకి తీస్తే ఎట్టా? మనం అట్టా తీసినామేమో.”

సరిగ్గా అట్లాగే తీశాం. నేనిచ్చిన స్క్రిప్ట్ ఖాళీ ఆకాశాన్ని ఎక్స్‌పోజర్ సమయాల (ఎంతసేపు చూశారన్న) నిష్పత్తితో మాత్రమే కుదించింది. అంటే ఆ ఫైలు తయారైన ఏళ్లలోనూ, మా సమూహాన్ని చూసిన రోజునా కణాల తాకిడి ఒక్కటేనని అనుకుంది. అది నిజం కాదు. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో బయటి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, సూర్యుడు నెమ్మదించిన ఏళ్లలో పెరుగుతాయి. మా గమనిక సూర్యుడు నెమ్మదించిన కాలంలోది.

దీన్ని సరిచూసే ఉపాయం తేలికైంది, నాకు చాలా ఇష్టమైంది కూడా. చంద్ర అద్దాలు 9.5 కేఈవీ పైన శక్తి ఉన్న వెలుగుని దాదాపుగా పోగు చేయలేవు. కాబట్టి 9.5 నుంచి 12 మధ్య కెమెరాలో పడేవన్నీ కణాలే, ఆకాశం కాదు. ఆ పట్టీలో మన ఫైల్లో ఎన్ని పడ్డాయో, ఖాళీ ఆకాశంలో ఎన్ని పడ్డాయో లెక్కపెడితే అసలు నిష్పత్తి తెలిసిపోతుంది. కణాల స్పెక్ట్రమ్ ఆకారం పెద్దగా మారదు, ఎత్తే మారుతుంది. అందుకే ఒక్క గుణకం చాలు. లెక్కపెట్టింది. మాది 12 శాతం ఎక్కువ.

పన్నెండు శాతం చిన్నదే అనిపిస్తుంది. మధ్య వలయాల్లో చిన్నదే, అక్కడ నూటికి రెండో మూడో తరుగు. చివరి వలయంలో నూరు చుక్కలు పడితే అరవై తరుగే. అరవైకి బదులు యాభై నాలుగు తీశాం, ఆరు మిగిలిపోయాయి. సమూహానివి నిజంగా నలభై, మేం నలభై ఆరనుకున్నాం. ఆ ఆరు ఎలాంటివన్నదే అసలు దెబ్బ. కణాల స్పెక్ట్రమ్ ఎక్కువ శక్తి వైపు కూడా తగ్గకుండా బల్లపరుపుగా సాగుతుంది. వాయువు ఎంత వేడెక్కితే దాని స్పెక్ట్రమ్ కూడా అంత బల్లపరుపు. మోడల్‌కి తేడా తెలియదు, మిగిలిన కణాల్ని చూసి ‘అబ్బో చాలా వేడి’ అంది.

కొత్త గుణకంతో ఎనిమిది వలయాలూ మళ్లీ నడపడానికి కరెంటు కోతలతో కలిపి ఐదు రోజులు పట్టింది. చివరి వలయం 10.5 నుంచి 7.4కి దిగింది, 600 దగ్గర 6.6, 480 దగ్గర 6.5. బరువు 600 లోపల 265 లక్షల కోట్లు, 750 లోపల 290. పెరుగుతోంది! వాయువు 40 నుంచి 39కి మాత్రమే జరిగింది, ముందు నమ్మింది వృథా కాలేదు.

ఇంకో పక్క

ఇక్కడ ఆపేయొచ్చు. నిజానికి నేను ఆపేయడానికే సిద్ధపడ్డాను. వాయువు వంతు 39కి 290, అంటే 13 శాతం పైచిలుకు. విశ్వం మొత్తంలో మామూలు పదార్థం వంతు సుమారు 16 శాతం, అందులో గెలాక్సీలకి కాస్త తీసేస్తే సరిగ్గా సరిపోయింది. సరిపోయింది కాబట్టే అనుమానం రావాల్సింది, నాకు రాలేదు. అమ్మాయికి వచ్చింది. “దిగాల కదా సార్, ఇంకా పైకే పోతుండాది” అని 7.4ని చూపించింది.

తరుగు సరిచేశాక కూడా ఉష్ణోగ్రత పెరుగుతోందంటే వలయం అంతా ఒకేలా లేదేమో. అప్పుడు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది, అరగంట పని: బొమ్మలోంచి గుండ్రని మోడల్ మెరుపుని తీసేసి, మిగిలింది చూడటం. ఆగ్నేయం వైపు మసక మరక ఒకటి మిగిలింది. ఆ పక్కనే సమూహంలో రెండో పెద్ద గెలాక్సీ ఉంది. చివరి మూడు వలయాల్నీ నాలుగేసి ముక్కలు చేసింది. చిట్టచివరి దాంట్లో మూడు ముక్కలు 6.0 దగ్గర, ఆగ్నేయం ముక్క తొమ్మిది దాటి.

చిన్న గుంపు ఒకటి వచ్చి పెద్దదాన్ని గుద్దుతోందనుకోవచ్చు. గుద్దుకునే చోట వాయువు నిలకడగా ఉండదు, కాబట్టి మన తక్కెడ అక్కడ పనిచేయదు. ఆ ముక్కని పక్కన పెట్టి మిగతా మూడింటితో లెక్కేస్తే 600 దగ్గర 6.3, 750 దగ్గర 6.0. ఉష్ణోగ్రత మొదటిసారి దిగింది. బరువు 280, 360 లక్షల కోట్లు. వాయువు వంతు 11 శాతం.

చివరి వలయాన్ని తీసేయడం తప్పు, ఈ ముక్కని తీసేయడం ఒప్పు ఎట్లా అయిందని వైవాలో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వలయాన్ని దాని ఉష్ణోగ్రత నచ్చక తీయబోయాం. ముక్కని తీసింది బొమ్మలో మరక చూసి, అది కూడా ఉష్ణోగ్రత విడగొట్టక ముందే చూసి. ఉష్ణోగ్రత మామూలుగా వచ్చినా తీసేవాళ్లమే.

అమ్మాయికి దాన్ని షాక్, అంటే గుద్దుకున్నప్పుడు వాయువులో పుట్టే ఆఘాత తరంగం, అని రాయాలని ఉంది. రెండు సమూహాలు గుద్దుకున్న బుల్లెట్ క్లస్టర్ బొమ్మ తన ల్యాప్‌టాప్ తెర మీదే ఉంటుంది మరి. నేను ఒప్పుకోలేదు. ఆ ముక్కలో ఎర్రర్ బార్ పైకి నాలుగు కేఈవీలు, కిందికి రెండున్నర. బుల్లెట్ క్లస్టర్‌ని చంద్ర వంద గంటలకు పైగా చూసింది, మాకున్నవి తొమ్మిదిన్నర. ‘వేడిగా ఉన్నట్టుంది, ఎక్కువసేపు చూస్తే తేలుతుంది’ అని రాయించాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

బయటి సాక్ష్యం కోసం, ప్రచురించిన గెలాక్సీ వేగాల్ని పోగు చేశాం. వేగాల విస్తృతి, అంటే సగటుకి అవి ఎంత అటూ ఇటూ ఉన్నాయన్నది, సెకనుకి వెయ్యి కిలోమీటర్ల చుట్టూ వచ్చింది, ఆరు కేఈవీల వాయువుకి ఉండాల్సిందే. ఇది బలమైన సాక్ష్యం అనను. చిన్న గుంపు మనకి ఎదురుగా వచ్చే దిశలో కదులుతుంటే ఈ విస్తృతి దొంగగా పెరుగుతుంది. విరుద్ధంగా రాలేదు, అంతే.

చివరికి రాసింది

మొత్తం బరువు 360కి అటూ ఇటూ 60 లక్షల కోట్ల సూర్యులు, ‘వాయువు నిలకడగా ఉందనుకుంటే’ అన్న మాటతో కలిపి. ఆ మాట మీద చాలాసేపు వాదించుకున్నాం. వాయువు సుడులు తిరుగుతుంటే ఆ సుడులు కూడా కొంత బరువు మోస్తాయి, అప్పుడు ఈ పద్ధతి బరువుని తక్కువ చూపిస్తుంది. సిమ్యులేషన్లు పది నుంచి ముప్పై శాతం దాకా తక్కువ రావచ్చంటాయి. మరోవైపు, 2016లో హిటోమి ఉపగ్రహం పాడైపోయే ముందు పెర్సియస్ సమూహం నడిబొడ్డున సుడుల వేగం కొలిస్తే సెకనుకి 164 కిలోమీటర్లే వచ్చింది, దాని పీడనం వాయువు పీడనంలో సుమారు నాలుగు శాతం. కానీ అది నడిబొడ్డు, మాది అంచు, పైగా ఒక పక్క గుద్దుకుంటోంది. అందుకని సవరణ గుణకం ఏదీ వేయలేదు, ఎటువైపు తప్పుండొచ్చో మాత్రం రాశాం. 2023లో ఎగిరిన ఎక్స్‌రే ఉపగ్రహం క్రిజమ్ ఇలాంటి వేగాల్ని కొలుస్తోంది.

రిపోర్టులో వాయువు బరువుని ముందు పెట్టాం, మొత్తం బరువుని తర్వాత. మొదట్లో అమ్మాయి రాసిన వరస దీనికి తిరగబడి ఉండేది.

ఆ తర్వాత ప్రాజెక్టుకి వచ్చే పిల్లల దగ్గర నేను రెండు అడుగుతున్నాను, ఉష్ణోగ్రత అన్న మాట ఎత్తకముందే. 9.5 నుంచి 12 పట్టీలో నిష్పత్తి ఎంత? మోడల్ తీసేశాక బొమ్మలో ఏం మిగిలింది? నా పాత స్క్రిప్ట్‌లో ఆ వరస సరిచేసి, పక్కన కామెంట్‌లో ‘తరుగు ఈ ఏటిదేనా?’ అని రాశాను. కిందికి దిగిపోయిన ఆ మొదటి గ్రాఫ్‌ని అమ్మాయి రిపోర్టు చివర అనుబంధంలో అలాగే ఉంచింది. తీసేయమని బైండింగ్ రోజు దాకా చెప్పి చూశాను, వినలేదు.